చుక్కల దారి డైరీ: చేత్తో చేసిన నక్షత్ర చక్రం, ఒక బైనాక్యులర్

అక్టోబరు మొదటి వారం

ప్రాజెక్టు ఏంటంటే, ఫోన్ సాయం లేకుండా రాత్రి ఆకాశంలో దారి కనుక్కోవడం నేర్చుకోవాలి. యాప్ పైకి ఎత్తి పట్టుకుంటే పేరు చెప్పేస్తుంది, కానీ మర్నాడు ఫోన్ జేబులో పెట్టి చూస్తే ఆ చుక్క మళ్ళీ దొరకదు, ఎందుకంటే దాని దగ్గరికి ఎటునుంచి వెళ్ళామో బుర్రలో ఉండదు కాబట్టి. నాకు కావాల్సింది ఆ దారి. ఒక తెలిసిన చుక్క, అక్కడి నుంచి ఎటు, ఎంత దూరం, మధ్యలో ఏం తగులుతాయి. ఈ మూడూ తెలిస్తే చాలు, ఆ చుక్క ఇక ఎప్పటికీ మనదే.

కావాల్సినవి ముందే రాసిపెట్టుకున్నా. నా అక్షాంశానికి సరిపోయే తిరిగే నక్షత్ర చక్రం, అంటే ప్లానిస్ఫియర్, అది నేనే గీసి చేసుకోవాలి. ఒక 10×50 బైనాక్యులర్ ఉంది. ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి, ఒక నోట్‌బుక్, పెన్సిలు. టెలిస్కోపు ఇప్పుడే వద్దు. దానిలో కనిపించేది ఒక డిగ్రీ ముక్క, ఆకాశం అంతా తెలియకుండా ఆ ముక్కని ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది!

ఈ వారం పని చేతిని కొలబద్దగా మార్చుకోవడం. చెయ్యి పూర్తిగా చాచి పట్టుకుంటే చిటికెన వేలు వెడల్పు సుమారు 1 డిగ్రీ, మధ్యలో మూడు వేళ్ళు కలిపితే 5, పిడికిలి 10, జాన 20 నుంచి 25 మధ్య. పెద్దవాళ్ళకైనా పిల్లలకైనా ఇంచుమించు ఇంతే వస్తుంది, చెయ్యి చిన్నదైతే దాని పొడవూ తక్కువే కదా. పున్నమి చంద్రుడు అర డిగ్రీయే, చిటికెన వేలి వెనక పూర్తిగా దాక్కుంటాడు, ఒకసారి చూడండి, నమ్మలేరు. దిగంతం దగ్గర అంత పెద్దగా అనిపించే చంద్రుడు కూడా అంతే.

ఎవరి చెయ్యి వాళ్ళే సరిచూసుకోవాలి. సప్తర్షి మండలం చతురస్రంలో పైన రెండు చుక్కలు, దూబే, మెగ్రెజ్, వాటి మధ్య 10 డిగ్రీల పైన కొంచెం. అక్కడ పిడికిలి పెట్టి చూడాలి. దూబేకి, మెరాక్‌కి మధ్య 5.4, అది మూడు వేళ్ళ పరీక్ష. మృగవ్యాధుడి (ఇంగ్లీషులో ఓరియన్) భుజం మీద ఎర్రటి ఆర్ద్ర నుంచి పాదం దగ్గర తెల్లటి రైగెల్ దాకా 18.6, జానతో పోల్చడానికి అది బాగుంటుంది. సప్తర్షులు సాయంత్రం పూట కనిపించని నెలలివి, అందుకే తెల్లవారుజామున లేచి ఈశాన్యంలో వాటి మీద చూసుకున్నా. నా జాన 21 దగ్గర ఆగింది, అది నోట్‌బుక్ మొదటి పేజీలోకెక్కింది.

అక్టోబరు చివర

చక్రం గీత మొదలు. ఇది నాకు బాగా నచ్చిన భాగం కాబట్టి వివరంగా రాస్తున్నా.

చక్రంలో రెండు పొరలు. కింద తిరిగే పళ్ళెం, దాని మీద చుక్కలు, అంచు చుట్టూ తేదీలు. పైన కదలని అట్ట, దానిలో కోడిగుడ్డు ఆకారానికి దగ్గరగా ఒక కిటికీ, అంచున గంటలు. తేదీని గంటకి ఎదురుగా తెస్తే ఆ టైముకి ఆకాశంలో ఉండే చుక్కలు మాత్రమే కిటికీలో కనబడతాయి.

ప్రతి చుక్కకీ ఆకాశంలో ఒక చిరునామా ఉంటుంది, డెక్లినేషన్, రైట్ అసెన్షన్ అని రెండు అంకెలు. డెక్లినేషన్ అంటే ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఎన్ని డిగ్రీలు అని. రైట్ అసెన్షన్, పొట్టిగా ఆర్‌ఏ, ఆకాశంలో ఒక సున్నా గీత నుంచి తూర్పు వైపు ఎన్ని గంటలు అని, 24 గంటలకి 360 డిగ్రీలు, గంటకి 15. పళ్ళెం నడిబొడ్డున ఉత్తర ధ్రువం పెట్టి, ధ్రువం నుంచి చుక్క ఎన్ని డిగ్రీలు దూరమో దాన్ని 0.8 మిల్లీమీటర్లతో గుణిస్తే కేంద్రం నుంచి దూరం వచ్చేస్తుంది. ఆర్ద్రనే తీసుకోండి, డెక్లినేషన్ +7.4, అంటే ధ్రువం నుంచి 82.6 డిగ్రీలు, గుణిస్తే 66 మిల్లీమీటర్లు. ఆర్‌ఏ 5 గంటల 55 నిమిషాలు, అంటే దాదాపు 89 డిగ్రీల కోణం. కోణమానినితో గీత గీసి 66 దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టడమే. లుబ్ధకుడు (సిరియస్) మైనస్ 16.7 కాబట్టి 85.4 మిల్లీమీటర్ల దగ్గర, 101 డిగ్రీల కోణంలో పడ్డాడు. స్కేలు 0.8 అని ఎందుకు పెట్టుకున్నానంటే, డిగ్రీకి 1 మిల్లీమీటరు పెడితే పళ్ళెం ఏ3 కాగితంలో పట్టదు.

ఒక్క విషయంలో జాగ్రత్త. కోణాలు ఏ దిశలో కొలవాలి అన్నది. ధ్రువం మధ్యలో పెట్టుకుని మనం లోపలి నుంచి పైకి చూస్తున్న పటం ఇది, కాబట్టి ఆర్‌ఏ గడియారం ముల్లు తిరిగే దిశలో పెరగాలి. ఉత్తరం వైపు తిరిగి నిలబడితే ఆకాశం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది, ముందు పోయే చుక్కల ఆర్‌ఏ తక్కువ, వెనకాల వచ్చే వాటిది ఎక్కువ. గ్లోబు మీద చుక్కలు గీస్తే బయటి నుంచి చూస్తున్నట్టు కాబట్టి అక్కడ తిరగబడుతుంది. ఇది గుర్తుపెట్టుకుని మొదలుపెట్టాలి, లేదంటే మొత్తం ఆకాశం అద్దంలో చూసినట్టు వస్తుంది.

ప్రకాశ పరిమాణం 3.5 కంటే మెరిసేవాటినే పెట్టాను. పరిమాణం అంకె తక్కువైతే చుక్క ఎక్కువ వెలుగు, పాతకాలపు గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త హిప్పార్కస్ కాలం నుంచి వస్తున్న లెక్క, 1856లో ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ దాన్ని గట్టి సూత్రంగా మార్చాడు, 5 పరిమాణాలు తేడా అంటే సరిగ్గా 100 రెట్లు. చీకటి చోట మామూలు కంటికి 6 దాకా అందుతాయి, కానీ అన్నీ పెడితే మధ్యలో బాట కనిపించదు, 3.5 దగ్గర ఆపితే దారి చూపే చుక్కలు మాత్రం మిగులుతాయి. చుక్క సైజు పరిమాణాన్ని బట్టి, నల్ల అట్ట మీద తెల్ల జెల్ పెన్. ఎర్రటి వాటికి నారింజ చుక్క వేశా, ఆర్ద్ర, రోహిణి, స్వాతి, జ్యేష్ఠ. చీకట్లో ఎర్ర టార్చి వెలుతురులో ఆ రంగు కనిపించదనుకోండి, పగలు చూసి గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది.

నవంబరు

ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. కోణమానిని నడి రంధ్రానికి దారం కట్టి చివర చిన్న బరువు వేలాడదీసి, దాని తిన్నని అంచు వెంట ధ్రువాన్ని చూస్తూ దారం ఏ గీత మీద నిలబడిందో చూడటం, 90లోంచి తీసేస్తే ఎత్తు. ధ్రువం ఎత్తు ఎంతో మన అక్షాంశం అంత. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి ముప్పావు డిగ్రీ లోపే పక్కన ఉంటుంది కాబట్టి ఇలాంటి కొలతకి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. గాలి లేని రాత్రి చేయాలి, దారం ఊగుతుంటే ఏం తేలదు.

చాలామంది ధ్రువ నక్షత్రం ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైనది అనుకుంటారు. కాదు, దాని పరిమాణం 2 దరిదాపుల్లో, దానికంటే వెలిగేవి నలభైకి పైనే ఉన్నాయి. కదలకుండా ఉండటమే దాని గొప్ప. అది కూడా శాశ్వతం కాదు, భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతుంది, పిరమిడ్ల కాలంలో ధ్రువానికి దగ్గరగా ఉన్నది థూబన్. సప్తర్షులు పైకొచ్చినప్పుడు మెరాక్ నుంచి దూబేకి గీత గీసి అదే దూరం ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువం తగులుతుంది. అవి దిగంతం కింద ఉన్న నెలల్లో ఎదురుగా కాసియోపియా పైన ఉంటుంది, ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా, దాని మధ్య చుక్క ధ్రువం వైపు చూపిస్తుంది. రెండిట్లో ఏదో ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉండటం మన అదృష్టం. భూమధ్యరేఖకి కింద ఉండేవాళ్ళకి ధ్రువం కనపడదు, వాళ్ళు చక్రం కేంద్రంలో దక్షిణ ధ్రువం పెట్టుకుని, దిశలన్నీ తిప్పి గీసుకోవాలి, లెక్క మాత్రం అదే.

అక్షాంశం తేలింది కాబట్టి కిటికీ గీసేశా. ధ్రువం కేంద్రంలో ఉంది కదా, ఉత్తర దిగంతం అక్కడి నుంచి అక్షాంశం అన్ని డిగ్రీల దూరంలో ఉంటుంది, దక్షిణ దిగంతం 180లోంచి అక్షాంశం తీసేసినంత దూరంలో. తూర్పు, పడమర బిందువులు ఎవరికైనా 90 డిగ్రీల దగ్గరే. ఉదాహరణకి అక్షాంశం 30 అనుకుంటే ఉత్తరం 30 దగ్గర, దక్షిణం 150 దగ్గర. మధ్యలో మిగతా బిందువులకి చిన్న త్రికోణమితి, చుక్క దక్షిణోత్తర రేఖకి (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే గీతకి) అటూ ఇటూ ఎన్ని డిగ్రీలు ఉన్నంతసేపు దిగంతం పైన ఉంటుందో అది H అనుకుంటే, cos H అంటే మైనస్ టాన్ అక్షాంశం ఇంటూ టాన్ డెక్లినేషన్. అక్షాంశం 30కి డెక్లినేషన్ +30 పెడితే H 109.5 డిగ్రీలు, అంటే ఆ చుక్క రోజులో దాదాపు 14 గంటల 36 నిమిషాలు పైన ఉంటుంది. మైనస్ 30 పెడితే 70.5. పది పదిహేను డిగ్రీలకొక బిందువు పెట్టి చేత్తో కలిపేస్తే నున్నటి వంపు వచ్చేసింది. కిటికీ కోసి వెనక పారదర్శకమైన షీటు అంటించా.

తేదీల అంచు ఇంకా తేలిక. అర్ధరాత్రి దక్షిణోత్తర రేఖ మీదకి ఆర్‌ఏ 0 వచ్చేది సెప్టెంబరు 22 దరిదాపుల్లో, 6 వచ్చేది డిసెంబరు 22, 12 మార్చి 22, 18 జూన్ 22. ఈ నాలుగూ పెట్టుకుని మధ్యలో రోజులు సమంగా పంచడమే. తేదీలు ఆర్‌ఏ పెరిగే వైపే నడుస్తాయి, పై అట్ట మీద గంటలు దానికి ఎదురు దిశలో. గడియారం చూపించేది మొత్తం టైం జోనుకి ఒకటే టైము, ఆకాశం మాత్రం మనం నిలబడ్డ రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, టైం జోన్ రేఖాంశానికి డిగ్రీ తూర్పుకుంటే 4 నిమిషాలు ముందు, పడమరకుంటే 4 నిమిషాలు వెనక. ఆ సవరణ అట్ట వెనక రాసుకున్నా.

డిసెంబరు

చక్రం పూర్తయ్యింది, ఆకాశం కింద పరీక్ష. బల్ల మీద పెట్టుకుని చూస్తే తూర్పు పడమరలు తారుమారుగా ఉన్నట్టు అనిపిస్తుంది, దాన్ని తల పైకి ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది. ఏ దిక్కుకి తిరిగితే ఆ దిక్కు కిందికి వచ్చేలా పట్టుకోవాలి.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి, ఈ రకం పటంలో దక్షిణం వైపు వెళ్ళేకొద్దీ ఆకారాలు అడ్డంగా సాగిపోతాయి. ధ్రువం నుంచి దూరం సరిగ్గానే ఉంటుంది, చుట్టుకొలత మాత్రం ఉబ్బుతుంది. జ్యేష్ఠ ఉన్న చోట అడ్డం రెండింతలకి పైగా సాగింది. అందుకే వృశ్చికం చక్రం మీద బాగా వెడల్పుగా, ఆకాశంలో చూడచక్కగా కుదురుగా ఉంటుంది. దక్షిణానికి విడిగా ఇంకో పటం గీసుకోవచ్చు, వేసవి లోపల చేస్తా.

మృగవ్యాధుడితో మొదలెట్టా, ఎందుకంటే అక్కడి నుంచి దారులు అన్ని వైపులకీ వెళ్తాయి. నడుము మీద మూడు చుక్కలు వరసగా, అటు చివర నుంచి ఇటు చివరికి 2.7 డిగ్రీలు. ఆ వరసని ఆగ్నేయం వైపు ఒక జాన పొడిగిస్తే లుబ్ధకుడు, రాత్రి ఆకాశంలో అన్ని నక్షత్రాలకన్నా ప్రకాశవంతమైనది, మైనస్ 1.46. అదే వరసని వాయవ్యం వైపు ఒక జాన పొడిగిస్తే రోహిణి. రెండు దూరాలూ ఇంచుమించు ఒకటే, 22 డిగ్రీలు. ఇది పటం మీద కొలుస్తుంటే నాకు తెలిసింది, మధ్యలో నడుము పెట్టుకుని రెండు వైపులా తూకం వేసినట్టు ఉంది, ఇక జన్మలో మర్చిపోను. రోహిణి దాటి అదే దిక్కులో పిడికిలిన్నర పోతే కృత్తికలు. రోజూ చుక్కలు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, నెలకి 2 గంటలు, కాబట్టి ఈ నెల అర్ధరాత్రి నడినెత్తిన ఉన్నది ఫిబ్రవరిలో రాత్రి 8కే అక్కడుంటుంది.

కళ్ళ గురించి కూడా రాయాలి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, కంటి వెనక మసక వెలుగుని పట్టే రాడ్ కణాల్లో రోడాప్సిన్ అనే పదార్థం మళ్ళీ పోగవ్వాలి, ఒక్కసారి ఫోన్ తెర చూస్తే అదంతా పోయి మళ్ళీ మొదటికొస్తుంది. ఎర్ర కాంతికి ఆ కణాలు అంతగా స్పందించవు, ఎర్ర టార్చి అందుకే.

జనవరి

బైనాక్యులర్ బయటికి వచ్చింది. 10 అంటే పది రెట్లు దగ్గరగా, 50 అంటే ముందు కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లు, రెండూ భాగిస్తే 5, కంటికి వచ్చే వెలుగు కడ్డీ మందం 5 మిల్లీమీటర్లు. ముందు ఎడమ కన్నుతో మధ్య చక్రం తిప్పి చుక్కని సూది మొనలా చేసుకోవాలి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడివైపు కటకం దగ్గర రింగు తిప్పి ఆ కంటికి సరిచేసుకోవాలి. ఒకసారి చేసి ఆ గుర్తు దగ్గర పెన్సిలు గీత పెట్టేస్తే ప్రతి రాత్రీ వెతుక్కోనక్కర్లేదు. పది రెట్లు అంటే చేతి వణుకు కూడా పది రెట్లు, అందుకే వాలు కుర్చీలో పడుకుని మోచేతులు పక్కలకి ఆనించుకుని చూడాలి, తేడా మామూలుగా ఉండదు.

దారి కొలవాలంటే బైనాక్యులర్‌లో ఎన్ని డిగ్రీల ఆకాశం పడుతుందో తెలియాలి. దాని ఒంటి మీద ఒక అంకె రాసి ఉంటుంది కానీ ఆకాశంతోనే కొలిచి చూద్దామనిపించింది. మృగవ్యాధుడి నడుములో పడమటి చుక్క మింటాకా, అది ఖగోళ మధ్యరేఖకి మూడోవంతు డిగ్రీ దూరంలోనే ఉంటుంది. మధ్యరేఖ మీద ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరుగుతుంది, 4 నిమిషాలకి 1. బైనాక్యులర్‌ని ట్రైపాడ్‌కి బిగించి మింటాకాని తూర్పు అంచుకి తెచ్చి వదిలేశా. అది వృత్తం మధ్యలోంచే పోయేలా పెట్టడం ముఖ్యం, పక్కగా పోతే తక్కువ టైము వస్తుంది. తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోవడమే. చుక్క కదలడం కంటికి తెలియదు, రెండు నిమిషాలు పక్కకి చూసి మళ్ళీ చూస్తే జరిగి ఉంటుంది, దాని వెనకాలే నడుములో మిగతా రెండూ ఒకదాని తర్వాత ఒకటి లోపలికొచ్చాయి, మూడూ వృత్తంలో కలిసి నడుస్తుంటే భూమి తిరగడం నిజంగా కళ్ళతో చూస్తున్నా అనిపించింది. పడమర అంచు తాకేసరికి 26 నిమిషాలు. నాలుగుతో భాగిస్తే 6.5 డిగ్రీలు. ఆ సైజు వృత్తాన్ని పారదర్శక షీటు మీద గీసి కోసుకున్నా, ఇప్పుడు ఏ పటం మీదైనా దాన్ని జరుపుతూ ఒక చూపుకి ఏమేం పడతాయో ముందే చూసుకోవచ్చు.

కృత్తికలు 2 డిగ్రీలు, హాయిగా పట్టాయి, పైగా కంటికి ఆరో ఏడో కనిపించేవి డజన్ల కొద్దీ అయ్యాయి. నడుము కింద కత్తిలా వేలాడే చుక్కల మధ్యలో ఎం42, సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న మేఘం, 10×50లో రెక్కలు చాపిన బూడిద రంగు మచ్చ. ఫొటోల్లో ఉండే గులాబీ రంగు ఉండదు, ఆ తక్కువ వెలుగులో కంటికి రంగు అందదు.

ఈ ఎం నంబర్లు చార్లెస్ మెస్సియేవి. తోకచుక్కల కోసం వెతుకుతూ ఆకాశంలో తోకచుక్కల్లా కనిపించి మోసం చేసేవాటిని జాబితా రాసుకున్నాడు, 1774లో మొదట 45 అచ్చయ్యాయి, 1781కి 103, తర్వాతి వాళ్ళు కలిపినవాటితో ఇప్పుడు 110. తనకి అడ్డం వచ్చేవన్నీ ఒకచోట రాసి మనకి వెతుక్కోవడానికి ఇంత చక్కని పట్టిక ఇచ్చాడు, ఆయనంటే నాకు చాలా ఇష్టం.

ఈ నెలలోనే ఆండ్రోమెడా గెలాక్సీ, అంటే ఎం31. పెగాసస్ పెద్ద చతురస్రం ఈశాన్య మూల చుక్క అల్ఫెరాట్జ్, అక్కడి నుంచి ఈశాన్యానికి కొంచెం వంపుగా డెల్టా (ఇలాంటి చుక్కలకి గ్రీకు అక్షరాలే పేర్లు), ఆ తర్వాత మిరాక్. మిరాక్ దగ్గర కాసియోపియా వైపు తిరగాలి. 4 డిగ్రీలు పోతే మ్యూ, ఇంకో 3 పోతే న్యూ, న్యూకి పడమరగా 1.3 డిగ్రీల దగ్గర ఎం31. మిరాక్‌ని వృత్తం అంచుకి తెస్తే మ్యూ లోపలే ఉంటుంది, మ్యూని ఇటు అంచుకి జరిపితే న్యూ, గెలాక్సీ రెండూ లోపలికొచ్చేస్తాయి. నేరుగా చూస్తే నడిమి గుండ్రటి వెలుగు మాత్రం ఉంది, చూపు కొంచెం పక్కకి తిప్పి అటే ఆలోచన పెడితే ఆ మచ్చ అటూ ఇటూ సాగి కోలగా అయ్యింది. కంటి నడిమి భాగంలో రాడ్ కణాలు ఉండవు, పక్కన ఎక్కువ, అందుకే మసకవాటిని పక్కచూపుతో చూడాలి. అక్కడి నుంచి బయల్దేరి 25 లక్షల ఏళ్ళు ప్రయాణం చేసిన వెలుగు అది, దాన్ని చెయ్యి పట్టుకుని దారి చూపించినట్టు ఒక్కో చుక్కా దాటుకుంటూ వెళ్ళి అందుకోవడంలో ఉన్న ఆనందం యాప్ బాణం గుర్తు ఇవ్వలేదు, నేను గట్టిగా చెప్తున్నా.

ఫిబ్రవరి, మార్చి

వెలుగు తగ్గి పెరిగే అల్గోల్ అనే చుక్క మీద పడ్డా, పెర్సియస్ మండలంలో ఉంటుంది. ఆండ్రోమెడా వరసలో మిరాక్ తర్వాతి చుక్క అల్మాక్, అక్కడి నుంచి తూర్పుకి పిడికిలి పైన కొంచెం, లేదా అదే పెర్సియస్‌లోని మిర్ఫాక్ నుంచి కిందికి ఒక పిడికిలి. ఈ మూడూ ఒక త్రికోణం. మామూలుగా అల్గోల్ పరిమాణం 2.1, అల్మాక్‌కి సమానం. ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకీ 3.4కి పడిపోతుంది, పడి లేవడానికి మొత్తం దాదాపు 10 గంటలు. చుట్టూ తిరిగే మసక జంట నక్షత్రం అడ్డం వస్తుంది, అది కారణం. ఈ మాట 1783లో రాయల్ సొసైటీకి రాసి పంపిన జాన్ గుడ్రిక్ అప్పటికి ఇంకా ఇరవై నిండని, వినికిడి లేని కుర్రాడు. అదే ఏడు కోప్లీ పతకం ఇచ్చారు, 21 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన దగ్గర పెద్ద పరికరం ఏమీ అక్కర్లేకపోయింది, పక్క చుక్కలతో ఓపిగ్గా పోల్చడమే పని.

నేనూ అలాగే చేశా. పోల్చడానికి అల్మాక్ 2.1, ఎప్సిలాన్ పెర్సీ 2.9, డెల్టా పెర్సీ 3.0. కనిష్ఠం, అంటే వెలుగు అన్నిటికన్నా తగ్గే క్షణం, రాత్రి 1 గంటకి పడితే దాని తర్వాతిది ఆ తర్వాత మూడో రాత్రి 9.49కి, ఆ పై వచ్చేది సాయంత్రం 6.38కి, ఇలా 3 గంటల 11 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది. కాబట్టి మంచి టైముకి వచ్చే కనిష్ఠాలు జంటగా దొరుకుతాయి, తర్వాత కొన్నాళ్ళు పగటిపూట పడతాయి. సాయంత్రం మొదలెట్టి అరగంటకొకసారి చూస్తూ రాసుకున్నా, మొదట అల్మాక్‌తో సమానం, తర్వాత దానికంటే కొంచెం తక్కువ, ఎప్సిలాన్‌తో సమానం, చివరికి డెల్టా కంటే కూడా మసక. ఒక నక్షత్రం వెలుగు మన కళ్ళ ముందే తగ్గడం, అదీ ఏ పరికరం లేకుండా చూడటం! ఒక్కసారి చూడండి, ఆకాశం బొమ్మలా స్థిరంగా ఉంటుందన్న భావన పోతుంది.

మధ్యలో గురుడు. మిథున రాశిలో, పునర్వసు చుక్క (పొలక్స్) దగ్గర్లో, చక్రం మీద లేని పెద్ద వెలుగు. గ్రహాలు రోజూ కదులుతాయి కాబట్టి చక్రం మీద గీయలేం, కానీ అవి తిరిగేది క్రాంతివృత్తం (ఏడాది పొడవునా సూర్యుడు చుక్కల మధ్య నడిచే దారి) వెంటే, రోహిణి, పునర్వసు, మఘ, చిత్త, జ్యేష్ఠ పక్కల నుంచే పోతుంది ఆ గీత. కాబట్టి ఆ దారిలో పటంలో లేని వెలుగు, మినుకు మినుకు లేకుండా నిలకడగా ఉంటే అది గ్రహం. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాలు ట్రైపాడ్ మీద బైనాక్యులర్‌లోనే కనిపిస్తాయి, అన్నీ ఒకే గీత మీద, ఒక్కోసారి ఒకటి రెండు దాగి ఉంటాయి. పునర్వసు, దాని పక్క చుక్క కాస్టర్‌లతో పోల్చి గురుడి చోటు వారానికోసారి పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే మార్చి దాకా పడమరకి వెనక్కి నడిచి, ఆగి, మళ్ళీ తూర్పుకి తిరిగాడు.

ఏప్రిల్

త్వరగా రాసేస్తా. సప్తర్షుల తోక వంపుని అలాగే సాగదీస్తే 31 డిగ్రీలకి నారింజ రంగు స్వాతి, ఇంకో 33కి నీలి తెలుపు చిత్త. తోక మధ్య చుక్క వశిష్ఠుడు, పక్కనే అరుంధతి, మధ్య దూరం 12 కళలు, అంటే డిగ్రీలో అయిదోవంతు. మంచి చూపుంటే కంటికే విడిగా తెలుస్తాయి, బైనాక్యులర్‌లో సందేహమే లేదు. మబ్బులు ఎక్కువ ఈ నెల.

జూన్

దక్షిణం పటం గీసేశా, మధ్యరేఖ నుంచి కిందిది మాత్రం విడిగా, అడ్డం సాగకుండా. వృశ్చికం ఇప్పుడు పటంలో కూడా తేలులాగే ఉంది. జ్యేష్ఠకి పడమరగా 1.3 డిగ్రీలు ఎం4, గోళాకార గుచ్ఛం, అంటే బంతిలా కుదిరిన నక్షత్రాల గుంపు, జ్యేష్ఠ వెలుగు కంటిని లాగేస్తుంది కాబట్టి దాన్ని వృత్తం అంచు బయటికి నెట్టి చూస్తే మసక బంతిలా తేలింది. తోక కొసన మూల నక్షత్రం, అక్కడి నుంచి ఈశాన్యానికి 5 డిగ్రీల లోపే ఎం7. దీన్ని ఖగోళ శాస్త్రవేత్త టోలెమీ రెండో శతాబ్దంలోనే రాసి పెట్టాడు, చీకటి రాత్రి కంటికే తెలుస్తుంది, బైనాక్యులర్‌లో వృత్తం నిండా చుక్కలు. దాని వాయవ్యంలో ఎం6, కొంచెం చిన్నది. పాలపుంత నడిభాగం ఇదే వైపు కాబట్టి ఇక్కడ దారి తప్పినా ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుంది, అందుకని మొదటిసారి చూసేవాళ్ళని నేను ఇక్కడికే తీసుకొస్తా.

ఉత్తరం వైపు ఎం13 దారి కూడా పక్కా అయ్యింది. అభిజిత్ నుంచి స్వాతి వైపు మూడోవంతు దూరం పోతే హెర్క్యులిస్‌లో నాలుగు చుక్కల చతుష్కోణం, దాని పడమటి అంచు మీద ఈటా, జీటా మధ్య 7.3 డిగ్రీలు, ఈటా నుంచి మూడోవంతు కిందికి. 1714లో ఎడ్మండ్ హాలీ గమనించిన గుచ్ఛం, లక్షల నక్షత్రాలు, బైనాక్యులర్‌లో దూదిపింజ ఎంత చిన్నదో అంతే. ఎం22, ధనుస్సులో, దానికంటే వెలుగు ఎక్కువ, 5.1, కానీ దక్షిణానికి వాలి ఉంటుంది, దిగంతం పొగమంచు లేని రాత్రి చూడాలి.

తర్వాతి పని సెఫియస్ మండలంలో డెల్టా అనే చుక్క. 5.37 రోజులకి ఒకసారి 3.5 నుంచి 4.4కి తగ్గి మళ్ళీ పెరుగుతుంది, ఇది గ్రహణం వల్ల కాదు, నక్షత్రమే ఉబ్బి తగ్గుతుంది. దీన్ని కూడా 1784లో గుడ్రిక్కే పట్టుకున్నాడు. పోల్చడానికి పక్కనే జీటా 3.4, ఎప్సిలాన్ 4.2, మూడూ ఒకే చూపులో పడతాయి. వెలుగు వేగంగా పెరుగుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి రోజుకొకసారి చూసినా వంపు తేలుతుంది. జులైలో పొద్దుపోయాక ఈశాన్యంలో తగినంత ఎత్తుకి వస్తుంది, నోట్‌బుక్‌లో గడులు గీసి తేదీలు వేసి పెట్టేశా.